కాగితం లేని నాన్న

"అమ్మ నిజం, నాన్న నమ్మకం" అని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. బిడ్డను కన్నతల్లి ఎవరో మంత్రసానికి తెలుసు, ఇరుగుపొరుగుకు తెలుసు, తెల్లవారేసరికి ఊరందరికీ తెలుసు. తండ్రి ఎవరో మాత్రం ఆ తల్లి చెప్పాలి, లోకం నమ్మాలి. ఆ నమ్మకానికి ఆధారంగా మనుషులు కల్పించుకున్న ఏర్పాటే పెళ్ళి అని నాకనిపిస్తుంది. పందిరి, బాజాలు, అరుంధతీ నక్షత్రం, బంతిమీద బంతి భోజనాలు, ఇంత హంగామా ఎందుకంటారు? రేపు పుట్టబోయే బిడ్డకు ఫలానావాడు తండ్రి అని నలుగురిచేతా ముందుగానే సాక్ష్యం చెప్పించడానికే!

మరి ఆ పందిరి పడకుండానే తండ్రి అయినవాడి మాటేమిటి?

మన సినిమాల్లో, సీరియల్ నవలల్లో ఈ ఘట్టం ఎప్పుడూ ఒక్కలాగే నడుస్తుంది. ఆమె చంటిబిడ్డను ఎత్తుకుని అతని గుమ్మం ముందు నిలబడుతుంది. అతను "నువ్వెవరో నేనెరగను" అంటాడు. వాన కురుస్తుంది. మనం చీరచెంగుతో కళ్ళు ఒత్తుకుంటాం. కాని దీనికి తలకిందులుగా ఒక మగవాడు కోర్టు మెట్లెక్కి, "అయ్యా, తాళి కట్టని మాట నిజమే. కాని బిడ్డ నా బిడ్డే. నా పేరు రాయించండి, వారానికి ఒక్కసారయినా చూడనివ్వండి" అని అడగడం ఎప్పుడైనా విన్నారా? వినడానికే వింతగా లేదూ! అయితే ఈ వింత ఇప్పుడు లోకమంతటా జరుగుతున్నదే. దాని వెనక పెద్ద చరిత్రే ఉంది.

మా సోమందేపల్లె కరువు నేల. వేరుసెనగ పెట్టిన రైతు ఆకాశంకేసి చూస్తూ కూర్చునే చోటు. వాన మొహం చాటేసిన ఏడు ఇక్కడినుంచి బెంగుళూరు బస్సులు కూలీలతో కిక్కిరిసి పోతాయి. అక్కడ కట్టడాల పక్కన రేకుల షెడ్లలో కొత్త కాపురాలు మొదలవుతాయి. కొన్నిటికి తాళి ఉంటుంది, కొన్నిటికి ఉండదు. కాపురం చెదిరిందా, బిడ్డ అమ్మమ్మ దగ్గరికి ఊరికి చేరుతుంది. అలాంటి బిడ్డను చూసిపోదామని పండక్కి బిస్కెట్ల పొట్లం పట్టుకుని వచ్చి, గడప ఇవతలే నిలబడి, పొట్లం అరుగుమీద పెట్టి వెళ్ళిపోయిన వాళ్ళను నేనెరుగుదును. వాళ్ళను చూస్తే ఒళ్ళు మండుతుంది, జాలీ వేస్తుంది. ఏది ఎక్కువో నేను చెప్పలేను. ఆ గడప సంగతేమిటో చూద్దామనే ఈ నాలుగు మాటలూ.

ముందు మన పురాణాలనే తీసుకుందాం. దుష్యంతుడు కణ్వాశ్రమంలో శకుంతలను గాంధర్వంగా పెళ్ళాడాడు. గాంధర్వమంటే సాక్షులు లేని పెళ్ళన్నమాట. ఆమె కొడుకును వెంటబెట్టుకుని సభకు వస్తే మహారాజు ఎరగనన్నాడు. చివరికి ఆకాశవాణి పలికితే గాని ఆ పిల్లవాడికి తండ్రి దొరకలేదు. ఆ రోజులకు అదే రక్తపరీక్ష! కర్ణుడి సంగతి ఇంకా చిత్రం. సూర్యుడు కవచకుండలాలిచ్చి తన దారిన తాను పోయాడు. అవి ఊడబెరుక్కోవడానికి ఇంద్రుడు వస్తున్నాడని కలలో కనిపించి హెచ్చరించాడు, పాపం. పెళ్ళికాని తండ్రి కొడుకును చూడడానికి వచ్చిన మొదటి రాకపోక బహుశా అదే.

ధర్మశాస్త్రాల వాళ్ళు కొడుకులను పన్నెండు రకాలుగా లెక్కపెట్టారు. పెళ్ళికాని పిల్లకు పుట్టినవాణ్ణి కానీనుడన్నారు. వాడు ఎవరి కొడుకు? ఆ పిల్లను తరువాత ఎవరు పెళ్ళాడితే వాడి కొడుకు అంటాడు మనువు. కాదు, తల్లిని కన్న తాతకే కొడుకు అంటాడు యాజ్ఞవల్క్యుడు. ఈ యాజ్ఞవల్క్యుడి స్మృతికి విజ్ఞానేశ్వరుడు మితాక్షర అనే వ్యాఖ్య రాస్తే, పదమూడో శతాబ్దంలో కేతన దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అందుచేత ఇది మనకు కొత్త సంగతేమీ కాదు. ఇద్దరు పెద్దమనుషులూ చెరో దారి చూపించారు గాని, కన్నవాడికి ఇమ్మని ఒక్కరూ అనలేదు, గమనించారా? వాళ్ళ బెంగ పిండం ఎవరు పెట్టాలి, పొలం ఎవరికి పోవాలి అన్నదే. బిడ్డను ఎవరు ఎత్తుకోవాలి అన్నది వాళ్ళ ప్రశ్నే కాదు.

తండ్రిని ఇంత నిబ్బరంగా లెక్కలోంచి తీసేసిన ఆచారం మరొకటి మా సీమలోనే ఉండేది. బళ్ళారి, అనంతపురం పక్కల మగసంతానం లేని ఇంట్లో ఒక కూతుర్ని దేవుడి పేర ముడిపెట్టి బసివిని చేసేవారు. 1909లో థర్‌స్టన్ దొర అచ్చువేసిన దక్షిణాది కులాల గ్రంథంలో దీని వివరం ఉంది. బసివి అయిన పిల్లకు మగడు ఉండడు. పుట్టిల్లు విడిచిపెట్టదు. కొడుకులాగే తండ్రి ఆస్తికి వారసురాలవుతుంది, ఆయనకు కర్మ చేస్తుంది. ఆమెకు పుట్టిన బిడ్డలు ఆమె ఇంటిపేరే పెట్టుకుని ఆ ఇంటి వంశాన్నే నిలబెడతారు. ఆ బిడ్డలను కన్న మగవాడికి వాళ్ళమీద హక్కూ లేదు, బాధ్యతా లేదు.

పైకి చూస్తే ఆడపిల్లకు ఆస్తి, ఇంటిపేరు, ఇంటి పెద్దరికం అన్నీ వచ్చినట్టే ఉంది. మోసపోకండి. ఆ పిల్లను ఎవరూ అడిగి ముడిపెట్టలేదు. చిన్నతనంలోనే ఆమె బతుకు నిర్ణయమైపోయింది. కొడుకు లేని లోటు తీర్చడానికి కూతురి కాపురాన్ని చెల్లించారు. మదరాసు రాష్ట్రంలో 1947లో ఒకటి, ఆంధ్రప్రదేశ్‌లో 1988లో మరొకటి చట్టాలు వచ్చి ఈ ముడిపెట్టడాలను నిషేధించాయి. ఆ ఇళ్ళలో పుట్టిన పిల్లలు బడిలో చేరేటప్పుడు "తండ్రి పేరు" అన్న చోట పెన్ను ఆగిపోయేది. తండ్రిని చెరిపేయడం ఇంటి పెద్దలకు తేలికే అయింది. దాని బరువు మాత్రం పలకా బలపం పట్టుకున్న పిల్లల మీద పడింది.

ఇది తండ్రిని చెరిపేసిన కథ. తల్లిని చెరిపేసిన కథ కోసం హైదరాబాదు పోదాం రండి.

కోఠీ మహిళా కళాశాలలో చదువుకున్న వాళ్ళు మీలో చాలామంది ఉంటారు. ఆ పెద్ద స్తంభాల మేడను నిజాం దర్బారులో ఇంగ్లీషు రెసిడెంటుగా ఉన్న జేమ్స్ అకిలీజ్ కిర్క్‌పాట్రిక్ కట్టించాడు. ఆయన నవాబుల ఇంటిపిల్ల ఖైరున్నిసాను ప్రేమించి ముస్లిం పద్ధతిలో నికా చేసుకున్నాడు. కలకత్తాలో గవర్నర్ జనరల్ వెల్లెస్లీ దాకా ఫిర్యాదులు వెళ్ళి విచారణలు జరిగాయి. 1801లో కొడుకు, 1802లో కూతురు పుట్టారు. ఇంట్లో పిల్లవాణ్ణి సాహెబ్ ఆలం అని, పిల్లను సాహెబ్ బేగం అని పిలుచుకునేవారు. మన దృష్టికి ఇది శుభ్రమైన సంసారం. ఇంగ్లీషు చట్టం దృష్టికి మాత్రం ఆయన పెళ్ళికాని తండ్రి. ఆ నికాను వాళ్ళు పెళ్ళిగా లెక్కపెట్టరు. అందుకే తన వీలునామాలో ఆయన కూడా ఆ ఇద్దరినీ పెళ్ళి బయట పుట్టిన పిల్లలనే రాసుకోవలసి వచ్చింది.

అయినా ఆయన పిల్లలను వదులుకోలేదు. ఆస్తి రాశాడు, తన ఇంటిపేరు దక్కేట్టు చూశాడు. 1805లో నాలుగేళ్ళ కొడుకునూ మూడేళ్ళ కూతుర్నీ చదువుకని సీమకు పంపించాడు. ఓడ ఎక్కకముందు మదరాసులో జార్జ్ చినరీ అనే చిత్రకారుడు ఆ పిల్లలిద్దరి బొమ్మ వేశాడు. మొఖమల్ జరీ దుస్తుల్లో, తలమీద టోపీలతో నిలబడిన ఆ పసివాళ్ళకు తాము ఎంత దూరం పోతున్నదీ ఏం తెలుసు? ఆ అక్టోబరులోనే కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో చనిపోయాడు. పిల్లలకు అక్కడ క్రైస్తవ నామకరణాలు జరిగాయి. సాహెబ్ ఆలం విలియం అయ్యాడు. సాహెబ్ బేగం కేథరీన్ అయి, అందరి నోటా కిట్టీగా నిలిచింది. ఖైరున్నిసా మళ్ళీ ఆ పిల్లలను కళ్ళచూడలేదు. 1813లో, ముప్ఫయ్యేళ్ళయినా నిండకుండానే కన్నుమూసింది.

తండ్రి ప్రేమ దొంగదని నేననను. ఆయన బతికి ఉంటే కథ వేరుగా నడిచేదేమో. కాని చట్టానికి తండ్రి ఇంటిపేరు, తండ్రి డబ్బు కనిపించినంతగా తల్లి ఒడి కనిపించలేదు. దాదాపు నలభై ఏళ్ళ తరువాత కిట్టీకి అమ్మమ్మ షరఫున్నిసా హైదరాబాదులో ఇంకా బతికే ఉన్నదని తెలిసింది. ఇక ఇద్దరిమధ్యా ఉత్తరాలు నడిచాయి. ముసలామె బంగారుపొడి చల్లిన కాగితాలమీద ఫారసీలో రాయించేది. మనవరాలు ఇంగ్లీషులో రాసేది. మధ్యలో ఎవరో ఒకరు అనువాదం చెయ్యాలి. వాళ్ళిద్దరూ మళ్ళీ కలుసుకోనే లేదు. అమ్మమ్మకూ మనవరాలికీ మధ్య దుబాసీ కావలసి రావడం కంటే కష్టం ఇంకేం చెప్పను?

ఇంతకీ ఆ ఇంగ్లీషువాళ్ళ చట్టం ఏమిటి? పెళ్ళి బయట పుట్టిన బిడ్డ "ఎవరికీ కాని బిడ్డ" అన్నది అక్కడి పాతమాట. అంటే తల్లికీ చెందదు, తండ్రికీ చెందదు. మరి తిండి ఎవరు పెట్టాలి? ఊరివాళ్ళ చందాలమీద పడుతుందని భయపడి, 1576లోనే తండ్రి ఎవరో పట్టుకుని డబ్బు కట్టించే చట్టం చేశారు. ఫ్రెంచివాళ్ళు మరో అడుగు ముందుకు వేశారు. నెపోలియన్ 1804లో తెచ్చిన స్మృతి అసలు తండ్రి ఎవరని వెతకడాన్నే నిషేధించింది. మగవాళ్ళ పరువుకు అంత పెద్ద గొడుగు పట్టారు! 1912 దాకా ఆ గొడుగు ముడవలేదు. మనకు ఇంగ్లీషువాళ్ళ పద్ధతే వచ్చింది. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడులో 488వ సెక్షను, 1973 కోడులో 125, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితలో 144, ఇవన్నీ ఒకే మాట చెబుతాయి. పెళ్ళిలో పుట్టినా పెళ్ళి బయట పుట్టినా బిడ్డకు తండ్రి మనోవర్తి ఇవ్వాలి. మంచిదే. కాని ఒక సంగతి గమనించండి. చట్టం తండ్రి కోసం వెతికినప్పుడల్లా వాడి జేబుకోసమే వెతికింది. వాడి చేతుల్లో బిడ్డను ఎత్తుకునే ఓపిక ఉందా అని అడగలేదు.

ఆ ప్రశ్న అడిగించిన వాళ్ళలో అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రానికి చెందిన పీటర్ స్టాన్లీ ఒకడు. ఆయనా జోన్ అనే ఆవిడా పెళ్ళి లేకుండానే అప్పుడప్పుడూ విడిపోతూ, మళ్ళీ కలుస్తూ పద్ధెనిమిదేళ్ళు కాపురం చేశారు. ముగ్గురు పిల్లలు. ఆవిడ పోయింది. పెళ్ళికాని తండ్రి అసలు తండ్రే కాదు కాబట్టి పిల్లలు ప్రభుత్వం పరమన్నది ఆ రాష్ట్ర చట్టం. ఆయన మంచివాడా చెడ్డవాడా అన్న విచారణ కూడా అక్కర్లేదట! 1972 ఏప్రిల్‌లో అమెరికా సుప్రీంకోర్టు అది చెల్లదంది. ముందు ఆయన తండ్రిగా పనికివస్తాడో రాడో విచారించండి, ఆ తరువాతే పిల్లల సంగతి తేల్చండి అంది.

ఐర్లండులో జోసెఫ్ కీగన్ కథకు గుండె తరుక్కుపోతుంది. 1988లో ఆయనకు కూతురు పుట్టింది. ఒక్కరోజు పసికందుగా ఆస్పత్రిలో చూశాడు. తల్లితో మాటపట్టింపు వచ్చి విడిపోయారు. ఆయనకు తెలియకుండానే ఆమె బిడ్డను దత్తతకు ఇచ్చేసింది. తండ్రి అనుమతి అడగనక్కర్లేదన్నది అక్కడి చట్టం. స్ట్రాస్‌బర్గులోని ఐరోపా మానవహక్కుల న్యాయస్థానం 1994లో ఆయనకు అన్యాయం జరిగిందని తీర్పు చెప్పింది. తీర్పయితే గెలిచాడు. అప్పటికి బిడ్డ అయిదేళ్ళదై, పెంచినవాళ్ళనే అమ్మా నాన్నా అంటూ ఉంది. ఆ బిడ్డను ఇప్పుడు పీకి తెమ్మని ఎవరనగలరు? ఆయన గెలుపు ఆయన ఇల్లు చేరలేదు. తరువాత తండ్రులకు మేలు చేసిందంతే. ఇంగ్లండులో 2003 డిసెంబరునుంచి తల్లితో కలిసి జనన రిజిస్టరులో పేరు రాయించుకుంటే చాలు, పెళ్ళి లేకపోయినా తండ్రికి బాధ్యతా హక్కూ వచ్చేస్తాయి.

మన దేశం సంగతి చెప్పకపోతే మీరు ఊరుకోరు. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టంలో ఆరో సెక్షను చదివితే నవ్వు వస్తుంది. పెళ్ళిలో పుట్టిన బిడ్డకు మొదటి సంరక్షకుడు తండ్రి, ఆయన తరువాత తల్లి. పెళ్ళి బయట పుట్టిన బిడ్డకు మొదట తల్లి, ఆమె తరువాత తండ్రి. అంటే బిడ్డమీద అమ్మకు మొదటి పెత్తనం కావాలంటే పెళ్ళి చేసుకోకపోవడమే మేలన్నట్టు లేదూ! ఈ "తరువాత" అన్న మాటకు తండ్రి చచ్చిపోయాకనే అని అర్థం కాదని, ఆయన పట్టించుకోని సందర్భాల్లో బతికుండగానే తల్లికి ఆ హక్కు వస్తుందని 1999లో సుప్రీంకోర్టు గీతా హరిహరన్ కేసులో చెప్పవలసి వచ్చింది.

2015లో పెళ్ళికాని తల్లి ఒకామె ఇంకో గట్టి ప్రశ్న వేసింది. "ఎన్నడూ బిడ్డ మొహం చూడని మనిషికి నేనెందుకు నోటీసు పంపాలి? ఆయన పేరు నేనెందుకు బయటపెట్టాలి?" అంది. అక్కర్లేదంది సుప్రీంకోర్టు. ఒంటరి తల్లి ప్రమాణపత్రం ఇస్తే చాలు, తండ్రి పేరు లేకుండానే జనన ధ్రువపత్రం ఇవ్వాలని చెప్పింది. ఆ మరుసటి ఏడు పాస్‌పోర్టు నిబంధనల్లోనూ తల్లిదండ్రుల్లో ఒక్కరి పేరు రాస్తే చాలన్నారు. పాతికేళ్ళు ఒంటరిగా పెంచి పెద్దచేసిన తల్లులకు ఇది ఎంత ఊరటో మనకు తెలియనిది కాదు.

అట్లాగని పెళ్ళికాని తండ్రికి తలుపు మూసుకుపోలేదు. ఆయన 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద అర్జీ పెట్టుకోవచ్చు. కోర్టు చూసేది ఆయన హక్కును కాదు, బిడ్డ మేలును. బిడ్డకు మేలనిపిస్తే చూసిపోవడానికి వేళలు పెడుతుంది. తల్లి అప్పటికి మరొకరి భార్య అయి ఉంటే మాత్రం చిక్కే. పెళ్ళి కొనసాగుతుండగా పుట్టిన బిడ్డ ఆ భర్త బిడ్డే అని 1872 నాటి సాక్ష్యచట్టం చెప్పింది. 2024 జులై ఒకటినుంచి వచ్చిన కొత్త సాక్ష్య అధినియమం 116వ సెక్షనులో అదే మాట ఉంది. భార్యాభర్తలు ఆ రోజుల్లో కలుసుకునే వీలే లేదని రుజువైతే తప్ప దాన్ని కదపలేరు.

మరి ఈ రోజుల్లో రక్తపరీక్షలున్నాయి కదా అంటారా? ఉన్నాయి. పైగా ఆ పనికి మన హైదరాబాదే ముందు నిలిచింది. 1984లో ఇంగ్లండులో అలెక్ జెఫ్రీస్ డీఎన్ఏ గుర్తుల పద్ధతి కనిపెట్టిన కొన్నేళ్ళకే, మన సీసీఎంబీలో లాల్జీ సింగ్ ఆ పరీక్ష చేసి కేరళలోని ఒక బిడ్డ తండ్రిని నిర్ధారించారు. దాన్ని 1991లో కేరళ హైకోర్టు ఒప్పుకుంది. మన రాష్ట్రానికి గవర్నరుగా చేసిన నారాయణ దత్ తివారీ విషయంలోనూ 2012లో హైదరాబాదు ప్రయోగశాలే తేల్చింది. అక్కడ కొడుకే తండ్రి కోసం కోర్టుకెక్కాడు. 2014లో గాని ఆ పెద్దాయన నోట "నా కొడుకే" అన్న మాట రాలేదు. "నాన్న నమ్మకం" అన్న సామెతకు అలా హైదరాబాదు గాజుగొట్టాల్లో కాలం చెల్లింది.

నిజంగా చెల్లిందా? 1983లో అమెరికా సుప్రీంకోర్టు ఇంకో తండ్రి కేసులో ఒక మాట చెప్పింది. రక్తసంబంధం మగవాడికి ఒక అవకాశం మాత్రమే ఇస్తుంది, దాన్ని అందుకుని బిడ్డ బాధ్యత మోసినవాడికే తండ్రి హక్కు వస్తుందని దాని సారాంశం. ఇన్ని శతాబ్దాల చరిత్రలో నాకు ఇదే సబబుగా తోచింది. మనువు, యాజ్ఞవల్క్యుడు కన్నవాణ్ణి తప్పించారు. దొరలు వాడి జేబు పట్టుకున్నారు. గాజుగొట్టం వాడి రక్తం పట్టుకుంది. బిడ్డకు మాత్రం కావలసింది రాత్రి జ్వరం వస్తే లేచి కూర్చునే మనిషి.

అందుచేత పండక్కి బిస్కెట్ల పొట్లంతో వచ్చేవాణ్ణి చూసి, "వీడికేం హక్కుంది?" అని ఒక్కమాటతో కొట్టెయ్యలేను. "పాపం, తండ్రి కదా" అని ఒక్కసారిగా తలుపు బార్లా తియ్యమనీ అనలేను. ఆ తల్లి ఒంటరిగా గడిపిన రాత్రుల లెక్క వాడు ముందు తెలుసుకోవాలి. పొట్లంతో పాటు ఫీజు కట్టాలి, చెప్పిన రోజుకు రావాలి, రాలేనప్పుడు కబురు పెట్టాలి. ఒక ఏడు కాదు, ఏళ్ళ తరబడి. అలా వచ్చేవాడికి కోర్టువారు గంట వేళ పెడితే మనం అడ్డుపడకూడదు. తల్లిని బెదిరించడానికో, మనోవర్తి ఎగవెయ్యడానికో తండ్రితనం గుర్తొచ్చిన వాడికి మాత్రం గడప ఇవతల నిలబడడమే తగిన చోటు.

ఒక చిన్న విన్నపం కూడా. మన చట్టం పుస్తకాలు ఇలాంటి పిల్లలను "అక్రమ సంతానం" అంటూ వచ్చాయి. క్రమం తప్పితే పెద్దవాళ్ళు తప్పి ఉంటారు, పుట్టిన పసివాడు ఏం క్రమం తప్పాడండీ? మీ పిల్లలతో ఆడుకోవడానికి అలాంటి పిల్ల ఎవరైనా ఇంటికి వస్తే "మీ నాన్నెవరమ్మా?" అని ఆరా తియ్యకండి. అన్నం తిన్నావా అని అడిగి, పీట వెయ్యండి.